సున్నా వచ్చిన కోర్సు

చిక్కడపల్లి,
మే 19, 2025.

మహేశ్వరి అత్తకు మేనకోడలు అంబిక దండాలు.

ఫోన్‌లో నీ గొంతు విని నాలుగు నెలలైంది. నల్లమల అడవి అంచున ఆ ఆడపిల్లల గురుకులంలో మేట్రన్‌గా చేరే ముందు అక్కడ సిగ్నల్ ఉందో లేదో అడగాలని నీకు తోచలేదు. సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కుతున్నావని తెలిసి నాన్న ఇక్కడిదాకా వచ్చి నన్ను తిట్టిపోయాడు, నేనేదో నిచ్చెన వేసినట్టు. "మా అక్కకు జెప్పు, కిందికి దిగుమను" అన్నాడు. దిగి ఈ ఉత్తరం చదువుకో.

నాకు ఉద్యోగం వచ్చింది అత్తా! ఆరు నెలల కాంట్రాక్టే, అయినా ఉద్యోగం ఉద్యోగమే. అశోక్‌నగర్‌లో మూడేళ్ళు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగాను. లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ కోసం తలుపులు తెరవకముందే వరుసలో నిలబడ్డాను. ఇప్పుడు నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర విశ్వవిద్యాలయం ఆఫీసులో నాకంటూ ఒక కుర్చీ ఉంది. దానికి ఒక చెయ్యి లేదు, అది వేరే సంగతి.

పని ఏమిటో చెప్తాను. 2030 లోపు సాధించాలని ప్రపంచ దేశాలన్నీ కలిసి పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయి. పేదరికం పోవాలి, ఆకలి పోవాలి, అందరికీ మంచినీళ్ళు రావాలి, నగరాలు మనుషులు భద్రంగా బతికేలా ఉండాలి, ఇలాంటివి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలంటారు. మా విశ్వవిద్యాలయం కింద నాలుగు కాలేజీలు, వాటిలో 214 కోర్సులు. ఏ కోర్సు ఎన్ని లక్ష్యాలకు పనికొస్తోందో తేల్చి, పదిహేడుకు మార్కులు వేయాలి.

పద్ధతి నేనే తయారుచేశాను. ప్రతి కోర్సు సిలబస్ తెరుస్తాను. ఒక లక్ష్యానికి సంబంధించిన పాఠమో ప్రాక్టికలో అందులో ఉంటే ఒక మార్కు, లేకపోతే లేదు. కాగితంలో లేనిది లేనట్టే. ఎవరి ముఖం చూసేది లేదు, ఎవరి మాట వినేది లేదు. మా డైరెక్టర్ స్నేహలత మేడమ్ నా పట్టిక చూసి "బాగుంది" అన్నారు. ఆవిడ ఏడాదికి రెండుసార్లే ఆ మాట అంటారని పక్క సీటాయన చెప్పాడు. ఈ ఏడాదికి ఒకటి నేను వాడేశాను.

నువ్వు ముప్పై ఏళ్ళు ల్యాబ్ అటెండర్‌గా పనిచేసిన కాలేజీ కూడా ఈ నాలుగింట్లో ఉంది. నీ పేరు ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే టీ ఇప్పించి మార్కులు అడుగుతారని భయం.

నీ కోడలు,
అంబిక


గురుకులం,
జూన్ 2, 2025.

కోడలా,

నీ ఉత్తరం రేషన్ వ్యాన్‌లో ఉల్లిగడ్డ సంచుల మధ్య వచ్చింది. ఇంకా వాసన పోలేదు. అయినా రెండుసార్లు చదివాను, వంటమనిషికి ఒకసారి చదివి వినిపించాను. చాలా సంతోషంగా ఉంది. ఆ కుర్చీకి రెండో చెయ్యి కూడా అడుగు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ పిల్లలు పన్నెండో తారీఖున వస్తారు. నూట ఎనభై పరుపులు ఎండబెట్టిస్తున్నాను. బోరు దగ్గర నీళ్ళు నిలిచి పాచి పట్టింది, దాని సంగతి చూడాలి. ట్యాంకు ఎక్కడం మానేశానని మా తమ్ముడికి చెప్పు. మోకాళ్ళే మానిపించాయి, వాడి తిట్లు కాదు.

ఇంతకీ పంతుళ్ళకు మార్కులు వేసే పని నీకిచ్చారా! నాకైతే నవ్వొచ్చింది. సరే, నేర్చుకో. వెనక బెంచీలో కూర్చో, ముందు బెంచీ పిల్లలు ఎప్పుడూ తల ఊపుతారు, వాళ్ళను నమ్మొద్దు. ల్యాబ్‌కి వెళ్తే గాజు సామాను మీద దుమ్ము చూడు. దుమ్ముంటే ప్రాక్టికల్ జరగలేదన్నమాట, రికార్డు బుక్కులో ఎంత అందంగా రాసినా సరే.

ఒక్క మాట. భూగోళశాస్త్రంలో శ్రీపతి సారుది 'మట్టాల కొలత' అని ఒక ప్రాక్టికల్ కోర్సుంది. ఏ చోటు ఎత్తు, ఏ చోటు పల్లం అని యంత్రంతో చూసి లెక్కగట్టడం. ఆ యంత్రాన్ని, దాని మూడుకాళ్ళ స్టాండును, మనిషికి రెండింతలుండే గీతల కర్రను పదకొండేళ్ళు నేనే మోశాను. దాని దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడకు. అడిగి తెలుసుకుని వెయ్యి. ఇంతకంటే రాయను.

నీ అత్త,
మహేశ్వరి


చిక్కడపల్లి,
జూన్ 16, 2025.

అత్తా,

నేను ఏ బెంచీలోనూ కూర్చోవడం లేదు. పంతుళ్ళకు మార్కులు వేయడం లేదు. కోర్సుల కాగితాలకు వేస్తున్నాను. పోయిన ఉత్తరంలో అంత వివరంగా రాశాను, నువ్వు వంటమనిషికి చదివి వినిపించిన హడావుడిలో ఆ ముక్క వదిలేసినట్టున్నావు.

రిపోర్టు పూర్తయింది. మొన్న శుక్రవారం సంతకం పెట్టి ఇచ్చేశాను. అన్నిటికంటే ఎక్కువ మార్కులు, పదిహేడుకు పదిహేను, స్నేహలత మేడమ్ చెప్పే 'సమాజం, అభివృద్ధి' కోర్సుకు వచ్చాయి. ఆవిడ డైరెక్టర్ కాబట్టి వేశానని నలుగురూ అనుకుంటారని మూడుసార్లు లెక్క చూశాను. పదిహేనే. సిలబస్ అంత బాగా రాశారు.

సున్నా వచ్చిన కోర్సులు ముప్పై ఏడు. వాటిని ఈ ఏడాది నుంచి నడపకూడదని కమిటీ అనుకుంటోంది. అందులో శ్రీపతి గారి మట్టాల కొలత కూడా ఉంది. సిలబస్ రెండంటే రెండే పేజీలు. యంత్రం భాగాలు, సరిచేసే విధానం, లెక్కల సూత్రాలు. నీళ్ళ మాట లేదు, మనుషుల మాట లేదు, ఊరి మాట లేదు. దానికి ఏ మార్కు వేయను?

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు నాకు సిఫారసు చేస్తావని నేను అనుకోలేదు అత్తా. పదకొండేళ్ళు కలిసి పనిచేసిన మనిషి మీద అభిమానం ఉంటుంది, కాదనను. కానీ ఒకరి మాట విని ఒక్క మార్కు మార్చానంటే మిగతా 213 కోర్సుల మార్కులు ఎవరు నమ్ముతారు? చిన్నప్పుడు నా ఎక్కాల పుస్తకంలో తప్పు కనిపిస్తే ఇంటికొచ్చిన చుట్టాల ముందే కొట్టేసిన దానివి నువ్వు. నేను నీ దగ్గర నేర్చుకున్న పనే చేశాను.

కోపం తెచ్చుకోకు. ఇక్కడ మా హాస్టల్‌లో మళ్ళీ సొరకాయ వండుతున్నారు, అదొక్కటే నా బాధ.

అంబిక


గురుకులం,
జూన్ 27, 2025.

అంబికా,

సిఫారసా?

ముప్పై ఏళ్ళ నౌకరీలో నా సొంత కొడుకు కోసం ప్రిన్సిపాల్ గది గుమ్మం తొక్కలేదు. వాడికి ఆ కాలేజీలో సీటు రాకపోతే దూరంగా చేర్పించి రెండు బస్సులు మార్పించాను. ఇప్పుడు ఒంటిచెయ్యి కుర్చీలో కూర్చుని నువ్వు నాకు నీతి చెప్తున్నావు. నీ ఉత్తరం చదివి ఆ రోజు నేను అన్నం తినలేదు. ఇది నిన్ను బాధపెట్టడానికే రాస్తున్నాను.

'అడిగి తెలుసుకో' అన్నాను. 'మార్కు వెయ్యి' అని ఎక్కడన్నా రాశానా? ఉత్తరం తీసి చూడు.

అశోక్‌నగర్ వెనక మురుగునీళ్ళ నాలా పక్కన పాలమూరు కూలీల బస్తీ ఉంది. నువ్వు కోచింగ్‌కి పోతూ మూడేళ్ళు ఆ వంతెన మీదే నడిచావు, ఒక్కసారి కిందికి చూసి ఉండవు. అక్కడ మాసమ్మ ఇల్లెక్కడ అని అడుగు. గుమ్మం చూడు. చూసి వచ్చి నీ పట్టిక తెరిచి అప్పుడు రాయి నాకు ఉత్తరం.

మహేశ్వరి


చిక్కడపల్లి,
జులై 7, 2025.

అత్తా,

ముందు నీ పాత ఉత్తరం తీసి చూశాను. 'అడిగి తెలుసుకుని వెయ్యి' అనే ఉంది. నేనే తొందరపడి నోరు పారేసుకున్నాను. తప్పు నాదే.

నిన్న ఆదివారం బస్తీకి వెళ్ళాను. మాసమ్మది నారాయణపేట దగ్గర పల్లె. మగడు చనిపోయాక స్లాబు పనులకు పోతూ, మంచం పట్టిన అత్తగారిని సాకుతోంది. ఆమె గుమ్మం పక్క గోడ మీద ఎర్ర రంగుతో 5 అని రాసి ఉంది. పైన అడ్డగీత విడిగా, పొడుగ్గా. ఆ ఐదు ఎవరిదో నేను ఎవరినీ అడగక్కర్లేదు, చిన్నప్పుడు నా పలక నిండా అదే ఉండేది.

"గిది ఎవరు రాసిండ్రు?" అని అయినా అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"మహేశక్క. సారు, కాలేజి పోరగాండ్లు యంత్రం పెట్టి కొలుస్తుంటే అక్క రంగు డబ్బా పట్టుకొని ఎంబడి వచ్చేది. ఆ వంతెన కంబానికి సుత అంకెలున్నయి సూడు. నాలా నీళ్ళు ఏ అంకె దాక ఎక్కితే ఆ అంకె ఉన్న ఇండ్లోళ్ళు సామాను సదురుకొని బస్తీ హాలుకు పోవాలె. ఒకటోళ్ళు ముందు, ఆరోళ్ళు ఆఖర్ల. గంతే లెక్క."

నేను వంతెన దగ్గరికి వెళ్ళి చూశాను. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్నాయి. మూడేళ్ళు ఆ స్తంభానికి ఆనుకుని నిలబడి కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి అత్తా.

తరువాత మాసమ్మ అన్న మాట నన్ను వదలడం లేదు. "ఏటా ఎండాకాలం పోంగనే వచ్చి మల్ల కొలిచేటోళ్ళు. ఈ ఏడు ఎవ్వలు రాలే. ముందటి గల్లీల కొత్త రోడ్డు పోసిండ్రు, జానెడు లేసింది. మా అంకె అదే ఉన్నదా, మారిందా? నువ్వన్న జెప్పు బిడ్డా." నేనేం చెప్పను? కోర్సు జాబితాలోంచి తీసేశారు కాబట్టి కొలిచేవాళ్ళు లేరు. తీసేయించింది నా సంతకం.

పొద్దున్నే శ్రీపతి గారిని కలిశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సిలబస్‌లో బస్తీ పని ఎందుకు లేదని అడిగితే, "రాసిచ్చినట్టే గుర్తమ్మా. మూడు పేజీలు రాసిన. ఏమైందో తెల్వది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రాస్తే కాగితం ఎక్కడికి పోతుంది, కాళ్ళొచ్చి నడిచిపోతుందా? అంత మంచి పని చేస్తూ దాన్ని నాలుగు ముక్కలు రాసి ఫైల్లో పెట్టడానికి బద్ధకించిన మనిషిని ఏమనాలి? ఆయన బద్ధకానికి మాసమ్మ మునగాలా? నాకు కోపం ఆయన మీదే. నా మీద కూడా.

రిపోర్టు నా చేతుల్లో లేదు. కాగితంలో లేనిదానికి ఏ ఆధారంతో మార్కు వెయ్యమంటావో నువ్వే చెప్పు. వాన మొదలైంది.

అంబిక


గురుకులం,
జులై 14, 2025.

బిడ్డా,

వ్యాన్ డ్రైవర్‌ను ఆపి ఇది రాస్తున్నాను. శ్రీపతి సారును ఒక్క మాట అనకు. ఆయన రాశారు. మూడు పేజీలు రాశారు. తీసేసింది నేను.

మూడేళ్ళ కింద కాలేజీకి తనిఖీ వాళ్ళు వస్తున్నారన్నప్పుడు అన్ని కోర్సుల ఫైళ్ళూ సర్ది పెట్టే పని నాకప్పజెప్పారు. అప్పటి ప్రిన్సిపాల్ రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల్ని గేటు దాటించవద్దని ఆర్డరు వేసి ఉన్నాడు. మేం ఏనాడూ అనుమతి అడగలేదు. తొమ్మిదింటికి యంత్రం ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళం, పన్నెండుకు వచ్చేసేవాళ్ళం. సారు ఫైలు తెరిచి చూస్తే బస్తీ పేరు, ముప్పై గంటలు, పిల్లల పేర్లు, అంతా పూసగుచ్చినట్టు రాసి ఉంది. ఇది వాళ్ళ కంటబడితే అనుమతి కాగితం ఏదని అడుగుతారు, ఉన్న పని ఆగిపోతుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఆ మూడు పేజీలు తీసేశాను. సారు చూడకుండానే మిగతా రెండింటి మీద సంతకం పెట్టారు. వాటినే స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఎక్కించారు. నువ్వు చూసింది అదే.

తనిఖీ అయిపోయాక తిరిగి పెట్టొచ్చు. పెట్టలేదు. పని నడుస్తోంది కదా, కాగితంతో ఏం పని అనుకున్నాను. నేను చాలా తెలివైనదాన్ననుకున్నాను అంబికా. నువ్వు వేసిన సున్నా నిజానికి నేను వేసింది. మాసమ్మకు ఏమన్నా అయితే నేను తట్టుకోలేను.

పేజీలు చింపలేదు. యంత్రం పెట్టె అడుగున ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ ఉంటుంది, దాని కింద ఉన్నాయి. ల్యాబ్ బీరువా పై అరలో పదకొండేళ్ళ కొలతల పుస్తకాలున్నాయి. బీరువా తాళంచెవి గడియారం వెనక మేకుకు ఉంటుంది. వెంటనే పో.

అత్త


చిక్కడపల్లి,
జులై 26, 2025.

అత్తా,

దొరికాయి. గడియారం ఆగిపోయింది కానీ తాళంచెవి అక్కడే ఉంది.

శ్రీపతి గారి ముందే మఖ్మల్ ఎత్తాను. ఆయన మూడు పేజీలూ చదువుకుని, నీ ఉత్తరంలో ముక్క కూడా చదివారు. తరువాత నవ్వారు. "మహేశ్వరమ్మనా! నన్ను అడిగితే నేనే తీసి ఇస్తుంటినేమో" అన్నారు. నేను ఆయనకు చేతులు జోడించి క్షమాపణ అడిగాను. అక్కర్లేదన్నారు. నాకు అక్కరుంది కాబట్టి అడిగాను.

ఇక ఆ మూడు పేజీలు ఫైల్లో పెట్టేసి, కొత్త మార్కులు వేసి, చేతులు దులుపుకోవచ్చు. అలాగే చేద్దామని ఒక పూట అనుకున్నాను కూడా. కానీ కొలతల పుస్తకాలు తిప్పుతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. కాగితంలో లేని పని ఒక కోర్సులో ఉంటే మిగతా ముప్పై ఆరు సున్నాల్లో ఎక్కడెక్కడ ఏముందో నాకేం తెలుసు? కాగితంలో ఉన్నదంతా పనిలో ఉందని మాత్రం ఎలా తెలుసు? నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు, గాజు సామాను మీద దుమ్ము చూడమని. నేను నవ్వి పక్కన పెట్టాను.

సోమవారం స్నేహలత మేడమ్ గదికి వెళ్ళి, నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు.

"నీ పద్ధతి తప్పని నీ చేతితోనే రాసిస్తవా? నీ కాంట్రాక్టు పొడిగించే ఫైలు వచ్చే నెల నా టేబుల్ మీదికే వస్తది, తెలుసు కదా?"

"తెలుసు మేడమ్. రాసిస్త."

"ఎన్ని రోజులు పడుతది?"

"మూడు వారాలు. ప్రతి కోర్సుల సారును ఒకపారి, నలుగురు పిల్లలను ఇంకోపారి అడుగుత. ఏం చేసిండ్రు, ఎక్కడ చేసిండ్రు, చూపెట్టుండ్రి అంట. కాగితానికి ఒక గడి, పనికి ఒక గడి."

"నా కోర్సు కూడానా?"

"మీదే ముందు చూసిన మేడమ్. మీ పిల్లల బస్తీ ప్రాజెక్టులు ముప్పైటిల ఇరవై ఆరు ఇంటర్నెట్‌లకెళ్ళి దించినవే. వాళ్ళు ఏ బస్తీకి పోలే."

అలా అనేస్తానని నాకే తెలియదు అత్తా. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని "పో, పని చూసుకో" అన్నారు. ఉద్యోగం ఉన్నట్టో ఊడినట్టో ఆ ముఖంలో ఏమీ కనబడలేదు. అయినా నాకు భయం లేదు, ఎందుకో మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టినప్పటి కంటే ధైర్యంగా ఉన్నాను.

వాన మా మూడు వారాల కోసం ఆగదు కదా. అందుకని బుధవారం నేనూ శ్రీపతి గారూ ఇప్పటి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, బస్తీ కొలతకు రాతపూర్వక అనుమతి అడిగాం. ఏమైందో తెలుసా? "ఇన్నేండ్లు ఎందుకు అడగలే?" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. రేపు ఆదివారం కొలత. పోయినేడు ఆ కోర్సు చేసిన సాగర్ అనే అబ్బాయి పద్నాలుగు మందిని పోగేశాడు. మార్కులు రావని చెప్పినా వస్తున్నారు. నీ బదులు రంగు డబ్బా నేను పట్టుకుంటాను.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. పేజీలు తీసినందుకు కాదు, మూడేళ్ళు నాతో చెప్పనందుకు.

అంబిక


గురుకులం,
ఆగస్టు 1, 2025.

అంబికా,

నా ఉత్తరం వెళ్ళి రెండున్నర వారాలు. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. ఇక్కడ నాలుగు రోజులుగా వాన, వాగు దాటలేక వ్యాన్ రావడం లేదని అంటున్నారు. అందుకే అని అనుకుంటున్నాను. లేదా నా ముఖం చూడకూడదని అనుకున్నావేమో, అదీ న్యాయమే.

ఒక్కటే అడుగుతాను. ఆ పేజీలు ఎవరు తీశారో ఎక్కడన్నా రాయాల్సి వస్తే నా పేరు రాయి. మొత్తం పేరు రాయి, హోదా రాయి. శ్రీపతి సారు మీద మచ్చ ఉండకూడదు. ఇంకో రెండేళ్ళలో ఆయన రిటైరవుతారు, తల ఎత్తుకుని పోవాలి.

అక్కడ కూడా వానేనా? మాసమ్మ సంగతి రాయి.

అత్త


చిక్కడపల్లి,
ఆగస్టు 18, 2025.

అత్తా,

నీ ముఖం చూడకూడదని ఎందుకు అనుకుంటాను? నా ఉత్తరం మీ వాగు అవతల వ్యాన్‌లో కూర్చుని ఉంటుంది. ఈసరికి అందే ఉంటుంది. అందకపోతే ముందు అది చదివి, తరువాత ఇది చదువు.

ఆ ఆదివారం బస్తీ అంతా కొలిచాం. కర్ర నిటారుగా పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసింది, నువ్వు పదకొండేళ్ళు ఎలా పట్టుకున్నావో! ముందు గల్లీలో రోడ్డు లేచిందంటే నేను పట్టించుకోలేదు కానీ, లెక్క చూసి శ్రీపతి గారు బిగుసుకుపోయారు. ఇదివరకు ఆ గల్లీ గుండా కిందికి పోయే నీళ్ళు ఇప్పుడు మాసమ్మ వాళ్ళ సందులోకి మళ్ళుతాయి. ఆ సందులో తొమ్మిది ఇళ్ళకు అంకె మారింది. మాసమ్మది ఐదు కాదు, రెండు. నీ ఐదును తెల్ల సున్నంతో కొట్టేసి నేనే 2 అని రాశాను. కొట్టేస్తుంటే మాసమ్మకు నచ్చలేదు. "అక్క రాసింది గదనే" అన్నది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైన వాన గంటన్నర ఆగలేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చోలేకపోయాను, ఫ్లైఓవర్ కింద మోకాళ్ళలోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాను. నేను వంతెన చేరేసరికి స్తంభం మీద నీళ్ళు మూడు దాటాయి. పరుగెత్తుకుంటూ హాలుకు వెళ్తే మాసమ్మ అత్తగారు అక్కడ తడవని దుప్పటి కప్పుకుని టీ తాగుతోంది. నీళ్ళు రెండు తాకగానే సాగర్ వాళ్ళ నలుగురు మంచంతో సహా మోసుకొచ్చారట. మాసమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అన్నది: "పాత అంకె నమ్ముకొని ఐదు దాక ఆగుతుంటి బిడ్డా." ఆ రోజు నీళ్ళు నాలుగు మీద ఆగాయి. ఐదు దాకా రానేలేదు. ఆమె ఇంట్లో మాత్రం నడుములోతు వచ్చాయి. పాత అంకె ప్రకారం ఆమె గుమ్మంలో కూర్చుని ఇంకా ఎదురుచూస్తూ ఉండేది, లోపల మంచం మీద ముసలమ్మ. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు అది చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

శనివారం కమిటీ కొత్త రిపోర్టు తీసుకుంది. సున్నా వచ్చిన ముప్పై ఏడింటిలో పదకొండు కోర్సుల వాళ్ళు ఏదో ఒక మంచి పని చేస్తూ కాగితంలో రాయనివాళ్ళే. వృక్షశాస్త్రం మేడమ్ ఒకావిడ ఆరేళ్ళుగా హైదర్‌గూడ కూరగాయల చెత్తతో ఎరువు చేయిస్తోంది, అడిగితే "అది కూడా రాయాలా?" అన్నది. మట్టాల కొలత సెప్టెంబరు నుంచి మళ్ళీ నడుస్తుంది, మూడు పేజీలతో సహా. స్నేహలత మేడమ్ కోర్సుకు కాగితం గడిలో పదిహేను, పని గడిలో నాలుగు. ఆ నాలుగు ఆవిడ తన చేత్తోనే రాసి సంతకం పెట్టారు. ఈ ఏడాది పిల్లల్ని తీసుకుని తనే బస్తీకి వెళ్తారట.

నీ పేరు రాశాను. మొత్తం పేరు, హోదా, నువ్వు చెప్పినట్టే. పద్ధతిలో లోపాలు అనే భాగంలో మొదట నా పేరు, కింద నీ పేరు.

ఈ రోజు పొద్దున ఆఫీసుకు వెళ్తే నా కుర్చీ లేదు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. అటెండర్ వచ్చి రెండు చేతులున్న కుర్చీ వేసి, "మేడమ్ మార్పియ్యమన్నది, ఏడాది కూసుండేటోళ్ళకు ఇట్లాంటిదే ఇస్తరు" అన్నాడు.

నీ కోడలు,
అంబిక


గురుకులం,
సెప్టెంబరు 1, 2025.

నా బంగారు కోడలా,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిదాన్ని మొదట చదవమని నువ్వు రాసింది రెండోదానిలో, నేను ముందు విప్పింది అదే. 'ఐదు దాక ఆగుతుంటి' దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ చదివాను. నా ఐదును కొట్టేసి మంచిపని చేశావు. చుట్టాల ముందు నీ తప్పులు కొట్టేసినందుకు లెక్క సరిపోయింది.

ప్రిన్సిపాల్ అడగగానే సంతకం పెట్టాడని చదివాను. అప్పటాయన పెట్టేవాడో కాదో ఇప్పుడు తెలియదు. నేను అడగనే లేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు. నీకేమో కుర్చీకి చెయ్యి అడగమని చెప్పాను.

ఇక్కడి ముచ్చట ఒకటి. బోరు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయని రాశాను కదా. పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. యంత్రం మా దగ్గర ఎక్కడిది? ఊళ్ళో తాపీమేస్త్రిని అడిగి, వాళ్ళు గోడ మట్టానికి వాడే నీళ్ళ పైపు తెచ్చాను. సన్నటి తెల్ల పైపులో నీళ్ళు నింపి రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుంటే చాలు, ఏ చోటు ఎత్తో అదే చెప్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురు మూడు ఆదివారాలు కొలిచారు. ఇదివరకు కాలువ తవ్విన వైపు బోరు గట్టు కంటే నాలుగు వేళ్ళు ఎత్తుంది, నీళ్ళు ఎలా పోతాయి? ఇంకో వైపు తవ్వించాం. నిన్నటి వానకు చుక్క నిలవలేదు. రోజా అనే పిల్ల పైపు కొస వదలకుండా పట్టుకుని, "మేడమ్, మా ఊర్ల మా గల్లి సుత కొలవొచ్చునా?" అని అడిగింది. కొలవొచ్చన్నాను.

అదంతా మూడు పేజీలు రాశాను. తేదీలు, కొలతలు, ఇరవై ముగ్గురి సంతకాలు, కింద నాది. హెడ్‌మిస్ట్రెస్‌తో ముందే అనుమతి రాయించుకుని జతచేశాను. ఒక ప్రతి బడి ఫైల్లో పెట్టాను. రెండో ప్రతి ఈ ఉత్తరంతో నీకు పంపుతున్నాను, దాచిపెట్టు. ఫైళ్ళలోంచి పేజీలు తీసేసేవాళ్ళు ఎంత మంచివాళ్ళలా కనిపిస్తారో నాకు బాగా తెలుసు.

నీ అత్త,
మహేశ్వరి